కబురందని ఫంక్షన్

ఇవాళ పొద్దున మా ఆఫీసు గదిలో ఉన్నవి: ఒక స్క్రీను, రెండు కుర్చీలు, చల్లారిపోతున్న టీ, కొత్తగా చేరిన లావణ్య, నేను. ఆమె ఎంటర్ కీని టకటకా కొడుతూనే ఉంది. "ఫైలు మార్చాను, రీలోడ్ చేశాను. అయినా పాత జవాబే వస్తోంది సార్" అంది. ఆ టకటకకి నాకు నూకరత్నం మేడమ్ గుర్తొచ్చారు.

నర్సీపట్నంలో మందుల షాపు మీది గదిలో ఆవిడ మాకు పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పేవారు. ఒక్కో లైను కొట్టడం, జవాబు చూడటం, మళ్లీ కొట్టడం. అలా నడుస్తుండగా మనం ప్రోగ్రాం రాసుకున్న ఫైలు మారిస్తే పైథాన్‌కి ఆ సంగతి తెలియదు. మొదట చదివిన రూపాన్నే పట్టుకుని ఉంటుంది. "మూసి తెరవక్కర్లేదర్రా. రీలోడ్ సేసేయండి, అన్నీ కొత్తవైపోతాయి" అన్నారు ఓ సాయంత్రం. మర్నాడే విశాఖలో నాకు ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చోబెట్టి ఇలాగే లైను లైనుగా చేయిస్తారని విన్నాను. అంతకుముందు రెండు పోయాయి. ఇదీ పోతే జీడి ఫ్యాక్టరీలో పనికి చేరాలని ఇంట్లో అనుకున్నాం.

తెల్లారి ఆర్టీసీ కాంప్లెక్సులో విశాఖ బస్సెక్కి కూర్చున్నాను. మేడమ్ స్కూటీ ఆపి, జడైనా వేసుకోకుండా బస్సులోకి వచ్చేశారు.

"ఫోను కట్టేసేవేటి నాయనా? ఎన్నిసార్లు సేసేను."

"భయమేసి ఆపేశాను మేడమ్."

"బాగుంది. ఇను, నిన్న నాను తప్పు సెప్పేను. రీలోడ్ సేస్తే మాడ్యూలు, అదే ఆ ఫైలు, కొత్తదవుతాది. కానీ దాన్లోంచి ముందే విడిగా పేరెట్టి తెచ్చుకున్న ముక్క, ఫంక్షను, ఉంటాది సూడు, దానికి కబురెళ్లదు. అది పాతదే. రీలోడయ్యాక దాన్ని మళ్లీ తెచ్చుకోవాల."

కండక్టర్ టికెట్ల మిషన్ చూపించాడు. "వస్తారా, దిగుతారా మేడమ్?"

"దిగిపోతాను బాబూ. తప్పు దించుకుందామనే ఎక్కేను."

బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడా నవ్వి, నా కాలరు సర్ది దిగిపోయారు.

ఇంటర్వ్యూలో రీలోడ్ మాటే రాలేదు. ఉద్యోగం వచ్చింది. నేను దాచుకున్నది మాత్రం ఆ బస్సులో విన్నదే. తప్పు దిద్దుకుంటే సగం పనే అయినట్టు. పాతమాట పట్టుకుపోయినవాళ్లు ఎక్కడున్నా వెళ్లి చెప్పిరావడం మిగతా సగం. ఇప్పుడు నేనేది మార్చినా, పాతది ఎవరెవరి దగ్గరుందో ముందు చూస్తాను. ఇవాళ లావణ్య చేతా ఆ ఫంక్షన్‌ని మళ్లీ తెప్పించాను.

మేడమ్ తప్పు చెప్పిన ఆ సాయంత్రం క్లాసులో ఉన్నది ఏడుగురం. మర్నాడు మధ్యాహ్నానికల్లా మేడమ్ ఏడుగురికీ చెప్పేశారు.