మామ మజ్జిగలో ఆపిల్ పుదీనా

ఆపిల్ పుదీనా వాసన తగిలితే ఇప్పటికీ నాకు గుండెల మీద బరువు దిగినట్టుంటుంది. ఎందుకో చెప్పాలంటే మద్రాసును చెన్నై అనడం ఇంకా నోటికి అలవాటు కాని రోజులకు వెళ్ళాలి.

ఆ ఎండాకాలం మా మామకు కామెర్లు వచ్చాయి. కళ్ళలో పసుపు తగ్గిపోయింది గానీ, దాంతోపాటే ఆకలీ పోయింది. పప్పుల అంగడిలో పొద్దస్తమానం నిలబడి బేరాలాడిన మనిషి, పోపు వాసన వస్తే చాలు, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు. తిండి ఇలాగే మానేస్తే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. ఆస్పత్రంటే ఆయనకే కాదు, మా అత్తకూ హడలే.

ఆయన నోటికి సహించింది ఒక్కటే, నేను పెంచిన ఆపిల్ పుదీనా నలిపి వేసిన మజ్జిగ. ఆ మొక్కను ఏర్కాడులో ఉండే మా చెల్లెలు తడిగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. ఆకు గుండ్రంగా, మెత్తగా, ఒళ్ళంతా తెల్లటి నూగుతో ఉంటుంది. మామూలు పుదీనాకున్న ఘాటు ఉండదు. నలిపితే ఆపిల్ పండు తొక్క తీసినప్పటి వాసన. నూగు గొంతుకు పట్టుకోకుండా మజ్జిగను పలచటి గుడ్డలో వడగట్టేదాన్ని. మామ గ్లాసు ఖాళీ చేసి, ఆ వెనకే నాలుగు ముద్దలు పెరుగన్నం తినేవారు. ఆ నాలుగు ముద్దల కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని చూసేది.

కొండమీద పుట్టిన మొక్క కదా, మా పెరట్లో దాని గారాబం అంతా ఇంతా కాదు. కాస్త ఎండ తగిలితే వాలిపోయేది, గాలి ఆడకపోతే అలిగేది. మెట్ల కింద నీడలో కుండీ పెట్టి, వీధికి లారీలో వచ్చే తాగునీళ్ళే దానికీ పోసేదాన్ని. మా బోరు నీళ్ళు ఒట్టి ఉప్పు. బట్టలు జాడించడానికి తప్ప పనికిరావు.

పక్కింటి పిన్నమ్మ ప్రహరీ మీదుగా తొంగిచూసి ఆ మొక్కను తెగ మెచ్చుకునేది. "ఒక కొమ్మ ఇస్తా, నాటుకోండి పిన్నమ్మా" అన్నాను ఒకరోజు.

"వద్దులేమ్మా, ఆడనే ఉండనీ" అని చెయ్యి అడ్డంగా ఊపేసింది.

పిలిచి ఇస్తుంటే కాదనడమేమిటని నాకు చిర్రెత్తింది. ఆ మర్నాడే ఎవరో ఒక చిగురుకొమ్మను గోటితో శుభ్రంగా గిల్లుకుపోయారు. పిల్లి చేసే పని కాదది. ఆ రోజు కనబడిన వాళ్ళందరినీ అనుమానంగానే చూశాను.

తర్వాత నీళ్ళ లారీ రావడం మానేసింది. వ్యాసర్పాడి దాకా వచ్చిందట, ఇదిగో వస్తుందట అంటూ వీధిలో బిందెలు వరుసగా ఎండుతున్నాయి. నేను వాటి దగ్గర కాపలా కాస్తున్న వేళ, మొక్క వాడిపోతోందని జాలిపడి మా అత్త బోరు నీళ్ళు చెంబులకొద్దీ కుండీలో కుమ్మరించింది. ఆకుల అంచులు మాడాయి. ఆ తర్వాత కాడలూ నల్లబడ్డాయి.

"దాహం తీరుతాదనే గదమ్మా పోసింది" అని అత్త కుండీ ముందు చతికిలబడింది. నేను ఆవిడను లేవదీసి లోపలికి తీసుకెళ్ళాను.

మామకు మామూలు పుదీనా వేసి ఇచ్చాను. ఒక్క గుక్కతో గ్లాసు పక్కన పెట్టేశారు. "ఇది అది కాదు గదమ్మా" అన్నారు, అంతే. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. అత్త ఆస్పత్రికి బట్టలు సంచిలో సర్ది, ప్రహరీ దగ్గర పిన్నమ్మకు సంగతంతా చెప్పుకుని ఏడ్చింది.

పిన్నమ్మ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఈవిడకు జాలైనా లేదే అని నేను పళ్ళు నూరుకున్నాను. అంతలోనే తిరిగొచ్చింది, చేతుల్లో ఒక పాత నూనె డబ్బాతో. డబ్బా నిండా గుబురుగా ఆపిల్ పుదీనా!

"గిల్లింది నేనేమ్మా" అంది తల ఎత్తకుండా. "ఇచ్చిన కొమ్మ బతకదు, దొంగిలించిందే బతుకుతాదని మాయమ్మ చెప్తా ఉండె. అందుకే నువ్వు ఇస్తానంటే వద్దంటిని. తాగే నీళ్ళ కుండ కింద పెడితే, కారే చుక్కలకే ఇంత పెరిగిండాది."

నాకు కోపం రావాలి. రాలేదు. ప్రహరీ మీంచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. "మీ దొంగతనం చల్లగుండ, పిన్నమ్మా!" అన్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆ డబ్బాలోని ఆకు నలిపి, మజ్జిగ వడగట్టి ఇచ్చాను. మామ వాసన చూశారు, తాగారు, గ్లాసు దించి "అన్నం ఉండాదా?" అని అడిగారు. ఆయన తినడం అయ్యాక అత్త సంచిలోని బట్టలు తీసి బీరువాలో పెట్టేసింది.

ఇక మా కుండీలో మళ్ళీ నాటడానికి ఒక కొమ్మ కావాలి. సాయంత్రం పిన్నమ్మ డబ్బాను ప్రహరీ మీద పెట్టి, "నేనేమీ చూళ్ళేదు" అంటూ మాకు వీపు తిప్పి నిలబడింది. నేను చెయ్యి చాచబోతే అత్త నన్ను పక్కకు నెట్టింది.

"నువ్వుండు. చంపింది నేను, దొంగతనమూ నేనే చేస్తా."

పుట్టి బుద్ధెరిగి ఒకరి గడ్డిపోచ ముట్టని మనిషి, అటూ ఇటూ చూసి, ఒక కొమ్మ పుటుక్కున తుంచి కొంగులో దాచుకుంది.

"దొంగ! దొంగ! పట్టుకోండి!" అని వసారాలో మంచం మీంచి మామ కేక పెట్టారు. వెనకే పెద్దగా నవ్వు. జబ్బు పడ్డాక ఆయన నవ్వు వినడం అదే మొదలు. పిన్నమ్మ ఇటు తిరగనేలేదు గానీ భుజాలు అదిరిపోతున్నాయి. అత్త మాత్రం నవ్వలేదు. కొంగు గుప్పిట్లో బిగించుకుని, కళ్ళు తుడుచుకుంటూ మెట్ల కిందికి పరిగెత్తింది.