చైనా ఫోన్‌లో నాయనమ్మ గొంతు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను కంప్యూటర్లు నేర్పేదాన్ని. బిలాస్‌పూర్‌లో మా రైల్వే కాలనీకి దగ్గరలోనే ఉన్న చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి టైపింగూ ఎక్సెల్లూ చెప్పేదాన్ని. ఏ మిషనైనా వింతగా ప్రవర్తిస్తే ముందు వైరు చూస్తాను, తర్వాత సాఫ్ట్‌వేర్ చూస్తాను, అదీ కాకపోతే ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను. చాలావరకు అక్కడితో సరిపోతుంది.

ఇప్పటికీ ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. అయినా ఒక మధ్యాహ్నం మా క్వార్టర్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. దాన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. భయం వల్ల అనుకునేరు. సిగ్గు వల్ల.

మాది శ్రీకాకుళం వైపు కుటుంబం. మా తాత రైల్వేలో చేరి ఇక్కడికి వచ్చాడు. నాన్న సింహాద్రి గూడ్స్ గార్డుగా పనిచేసేవారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, చదివింది హిందీ మీడియంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను.

అది రెండువేల ఎనిమిది ప్రాంతం. చైనా ఫోన్లు అప్పుడప్పుడే బజారు నిండా వస్తున్నాయి. నాన్న ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ బుధవారీ బజార్లో ఒకటి కొనుక్కొచ్చారు. దాని మీద ఉన్న కంపెనీ పేరు ఎవరూ వినలేదు. రెండు సిమ్ములు పడతాయి. వెనక వరసగా స్పీకర్లు, రెండు పక్కలా రంగు లైట్లు. పాట వస్తుంటే ఆ లైట్లు తాళానికి తగ్గట్టు ఎర్రగా, నీలంగా వెలిగి ఆరేవి.

ఆ ఫోన్ గురించి మా క్వార్టర్ల లైన్లో ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉండేది. ఛార్జింగ్‌లో పెడితే పేలుతుందని ఒకాయన అన్నారు. ఇన్ని సదుపాయాలున్న ఫోన్ ఇంత చవగ్గా వచ్చిందంటే లోపల ఏదో మోసం ఉందని ఇంకొకాయన అన్నారు. పక్క క్వార్టర్ ఆంటీ మాత్రం తన మిక్సీ కంటే దీనిదే ఎక్కువ మోత అని నవ్వేది. నాన్న ఎవరి మాటా పట్టించుకోలేదు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, భక్తిపాట పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నడిచేవారు. ముందు పాట వచ్చేది, తర్వాత నాన్న వచ్చేవారు.

నాకు తల కొట్టేసినట్టుండేది. నా స్టూడెంట్లు అదే స్టేషన్లో లోకల్ ఎక్కేవాళ్ళు. కాస్త సౌండ్ తగ్గించండి నాన్నా అంటే, నలుగురికీ వినబడాలనే కదా కొన్నానని అనేవారు.

మా నాయనమ్మ ఆ ఫోన్‌ని చూడలేదు. అది కొనడానికి ముందు ఏడాది వానాకాలంలోనే పోయింది. ఈ సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నాయనమ్మ బతికుండగా ఏ ఫోన్‌లోనూ మాట్లాడలేదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్న రోజుల్లో రిసీవర్ చెవి దగ్గర పెడితే మొహం తిప్పేసుకునేది. ఆవిడ గొంతు ఏ క్యాసెట్‌లోనూ లేదు. మా ఇంట్లో వీడియో తీసిన పెళ్ళి ఒక్కటీ లేదు. ఉన్నదల్లా అందరితో కలిసి తీయించుకున్న ఒక ఫొటో, అంతే.

ఇప్పుడు అసలు విషయం. నాకు చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉండేది. స్కూల్లో, రిక్షాలో, ఒకసారి దుర్గాపూజ పందిట్లో వచ్చింది. చాలా ఏళ్ళు మందులు వాడాక తగ్గింది. డాక్టరు మందులు కూడా ఆపేశారు. ఇక సంబంధాలు చూడాలి అన్నప్పుడు అమ్మా నాన్నా, పోయిన జబ్బు గురించి చెప్పడం ఎందుకు అనుకున్నారు. నాకూ అదే బాగుందనిపించింది.

నాయనమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ. సెప్పీసి సెయ్యండిరా, సెప్పకుండా సేస్తే ఆ పిల్ల అక్కడ దినదినం బయపడతా బతకాల అనేది. ఆవిడ పోయాక ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు.

తెలుగువాళ్ళ వనభోజనాల్లో నన్ను చూసి ఒకావిడ మా ఇంటికి పెళ్ళిచూపులకి వస్తామని కబురు చేశారు. గుంటూరు వైపు వాళ్ళు. వాళ్ళాయన బొగ్గు కంపెనీలో ఆఫీసరు, కొడుకు బ్యాంకులో పనిచేస్తున్నాడు. ఉద్యోగం మీద వచ్చిన ఆంధ్రావాళ్ళకీ, తరాలుగా ఇక్కడే పడి ఉన్న మా రైల్వే కుటుంబాలకీ మధ్య ఎప్పుడూ కాస్త ఎడం ఉండేది. వాళ్ళ తెలుగు పుస్తకంలో ఉన్నట్టుండేది. మాది వాళ్ళకి నవ్వు తెప్పించేది. అందుకే నిమ్మళంగా, 'మంచి తెలుగు' మాట్లాడమని అమ్మ రెండు రోజుల ముందు నుంచే నాన్నకి కూడా చెబుతూ వచ్చింది.

ఆ రోజు నేను పెట్టిన షరతు ఒక్కటే, ఆ ఫోన్ మోగకూడదు అని. నాన్న దాన్ని టీవీ మీద పెట్టారు. నేనే తీసి సైలెంట్‌లో పెట్టాను. పాటలు ఆగి ఉన్నాయి. ఇది నాకు బాగా గుర్తు.

వాళ్ళు ముగ్గురూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చారు. ముందు గదిలో సోఫా మీద కూర్చున్నారు. వాళ్ళ వెనక లోపలి గది, గుమ్మానికి కర్టెన్. ఎదురుగా టీవీ. నేను అమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాను. లోపల ఎవరూ లేరు. ఆ గది నాయనమ్మది. ఆవిడ మంచం కూడా అప్పటికే ఎవరికో ఇచ్చేశాం.

మాటలు బాగానే సాగుతున్నాయి. పెళ్ళికొడుకు తల్లి నా చదువు అడిగారు. ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందా అమ్మాయికి అని మామూలుగానే అడిగారు. బాగానే ఉంటుందండీ, జ్వరం కూడా రాదు అంది అమ్మ.

అప్పుడు టీవీ మీద ఫోన్ లైట్లు వెలిగాయి. ఎర్రగా, నీలంగా, మాటకి తగ్గట్టు. గొంతు గది నిండా వినబడింది.

"ఏటిరా సిమ్మాద్రీ, ఆలకి సెప్పినావేటి?"

తర్వాత నాయనమ్మకి అలవాటైన పొడి దగ్గు. మళ్ళీ, కాస్త విసుగ్గా, "సెప్పినావా, నేదా?"

లైట్లు ఆరిపోయాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నన్ను పెంచిన మనిషి గొంతు అది. ఏడాది పైగా వినలేదు. అది వినగానే నాకు భయం వేయలేదు, ఏడుపు రాలేదు. ముందుగా కలిగింది సిగ్గు. ఆ 'ఏటిరా', ఆ 'ఆలకి', ఆ 'నేదా' వాళ్ళు వినేశారే అని. ఆ గొంతు ఇంకొక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలనుకున్నాను. భయం ఆ తర్వాత వచ్చింది, నాన్న మొహం చూశాక.

పెళ్ళికొడుకు తల్లి ఒకసారి వెనక్కి తిరిగి కర్టెన్ వైపు చూసి, అమ్మని అడిగారు.

"మీ అత్తగారా? లోపలే కూర్చోబెట్టారేం, పిలవండి. పెద్దావిడ, మేమైనా వెళ్ళి పలకరిస్తాం."

నాన్న లేచి వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"లోపల ఎవరూ నేరండి. ఇది ఫోనండి. పాత రికార్డింగు."

అలాంటి రికార్డింగ్ ఏదీ లేదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. పెళ్ళికొడుకు తండ్రి నవ్వుతూనే, ఏం చెప్పమంటున్నారండీ ఆవిడ అని అడిగారు. ఏమీ లేదండీ అంది అమ్మ. ఆ మాట విన్నాక నాన్న తల దించుకున్నారు.

నేను చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి ఆపేశాను. హిందీలో చెప్పాను.

"ముఝే మిర్గీ కే దౌరే ఆతే థే."

నాకు మూర్ఛ వచ్చేది అన్న ఆ మాట పరాయి భాషలో అయితే వేరే ఎవరి గురించో చెప్పినట్టుండింది. ఎప్పటి నుంచి, ఎప్పుడు ఆగింది, మందులు ఎప్పుడు మానేశాను, అన్నీ చెప్పాను. అబ్బాయి నేల చూస్తూ కూర్చున్నాడు. తల్లి నన్నే చూస్తూ అంతా విన్నారు. కాసేపటికి, ఆలోచించుకుని కబురు చేస్తామని లేచారు. స్వీట్లు అలాగే ఉండిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక నేను ఫోన్ తీసి చూశాను. ఇంకా సైలెంట్‌లోనే ఉంది. వచ్చిన కాల్ ఏదీ లేదు. వాయిస్ రికార్డర్ తెరిస్తే ఖాళీ. మర్నాడు మెమరీ కార్డు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్‌కి పెట్టి చూశాను. షాపువాడు ఎక్కించిన పాటలు తప్ప ఏమీ లేవు. చెరిపేసిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ కూడా నడిపాను. రిపేర్ షాపులో ఇస్తే అతను విప్పి చూసి, ఈ చైనా ఫోన్లు గంటగంటకీ పైకే టైము చెబుతాయి దీదీ, దాన్నే ఏదో అనుకుని ఉంటారు అన్నాడు. రేడియో అనుకుందామంటే, మా ఊరి రేడియోలో తెలుగు రాదు. వచ్చినా మా నాన్నని పేరు పెట్టి పిలవదు.

సంబంధం వద్దని వాళ్ళ దగ్గర్నుంచి మర్యాదగా కబురొచ్చింది. జాతకాలు కలవలేదట. కాలనీలో నా మూర్ఛ సంగతి తెలిసిపోయింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల తల్లులు నన్ను చూసే చూపు మారింది. ఒకావిడ కూతుర్ని మాన్పించేసింది. నాన్న చాన్నాళ్ళు రైల్వే క్లబ్బుకి వెళ్ళలేదు. ఫోన్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసి, పాతదే వాడుకున్నారు.

ఆ తర్వాత ఎవరు సంబంధం అని వచ్చినా నాన్న మొదటి మాటగా నా జబ్బు సంగతే చెప్పేవారు. నా ఎదురుగానే చెప్పేవారు. ప్రతిసారీ భూమిలోకి కుంగిపోయినట్టుండేది నాకు. చివరికి అది విని కూడా సరేనన్న మనిషితోనే నా పెళ్ళి జరిగింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఫిట్స్ వచ్చింది. మెలకువ వచ్చేసరికి నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, మా ఆయన నింపాదిగా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయనకి ముందే తెలుసు కాబట్టి.

ఇక్కడితో అయిపోతే, ఆ రోజు మేమందరం ఏదో భ్రమపడ్డామని సరిపెట్టుకునేదాన్ని.

పెళ్ళయిన ఏడాదికి పుట్టింటికి వచ్చి, తిరిగి వెళ్తూ స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. పొద్దుటి పూట. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. చూస్తే ఆవిడే, ఆ పెళ్ళికొడుకు తల్లి. లేచి వెళ్ళిపోదామనిపించింది. ఆవిడే నా చెయ్యి పట్టుకుని బాగున్నావా అమ్మా అన్నారు. పెళ్ళయిందని తెలిసి సంతోషించారు. తర్వాత అడిగారు.

"మీ మామ్మగారు బాగున్నారా?"

నాకు అర్థం కాలేదు. ఆ రోజు మాట్లాడింది ఆవిడే కదా అన్నారు. అది ఫోన్ అండీ అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూశారు.

"మీ నాన్నగారూ ఆ రోజు అదే అన్నారు. నా వెనకే కదమ్మా ఆ గది. కర్టెన్ అవతలి నుంచి మాట్లాడారు, దగ్గారు. మేం ముగ్గురం విన్నాం. ఫోన్‌లో ఏ చప్పుడూ రాలేదు."

లైట్లు వెలిగాయి కదా అని అడిగాను. ఏ లైట్లు అన్నారావిడ.

చెబితే బాధపడతావేమో అంటూనే ఆవిడ చెప్పారు.

"నీ జబ్బు వల్ల మేము వద్దనుకోలేదమ్మా. మా చెల్లెలికీ ఉంది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇంట్లో ఉన్న పెద్దావిడని నలుగురిలోకి రానివ్వకుండా లోపల కూర్చోబెట్టి, పైగా అది ఫోన్ అని చెప్పేవాళ్ళతో ఏం కలుస్తాం అనుకున్నాం."

మా నాయనమ్మ ఆ పెళ్ళిచూపుల నాటికే పోయి ఏడాది దాటిందని చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఎలా వినబడుతుందో నాకు తెలుసు. ఇంకో అబద్ధంలా వినబడుతుంది.

"పోయారండీ," అన్నాను.

"అయ్యో, ఎప్పుడు?"

"వానాకాలంలో."

ఏ వానాకాలమో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మకీ నాన్నకీ ఈ సంగతి నేను చెప్పలేదు. మేం ముగ్గురం ఫోన్‌లోంచి విన్నాం, వాళ్ళు ముగ్గురూ గదిలోంచి విన్నారు. మాటలు మాత్రం అవే, దగ్గు కూడా అదే. ఇలా ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను.

ఆ పెళ్ళికొడుకు తల్లి లెక్కలో మేము ఇంటి పెద్దావిడని చూసి సిగ్గుపడి దాచేసినవాళ్ళం. అది నిజం కాదని వాదించడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ గొంతు వినగానే నేను కోరుకున్నది అదే కదా.