ఓక్ నేల మీద ఆరు వరుసల చుక్కలు

2018 నవంబరు మొదటి వారంలో మా కంపెనీ నాకు ప్రాజెక్ట్ లీడ్ హోదా ఇచ్చి, ఎడిసన్‌లోని ఒక ఇంటి పని అప్పగించింది. న్యూజెర్సీలో ఇళ్ళకు నేల కింద వేడి అమర్చే చిన్న కంపెనీ మాది. అందులో హెల్పర్, ఇన్‌స్టాలర్, ఫోర్‌మన్, డిజైనర్, ప్రాజెక్ట్ లీడ్ అని అయిదు మెట్లు. చివరి మెట్టు ఎక్కడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. జీతంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. మార్పంతా సంతకంలోనే. పని పూర్తయ్యాక “నేల కింద ఎక్కడా జాయింట్ లేదు, పైపుకు దెబ్బ తగలలేదు” అని ఒక కాగితం రాస్తారు. దాని మీద సంతకం పెట్టేది ప్రాజెక్ట్ లీడ్. తరవాత ఎప్పుడైనా ఆ నేల తడిస్తే అందరూ ముందు వెతికేది ఆ కాగితాన్నే.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. బాయిలర్‌లో నీళ్ళు వేడిచేసి, చిటికెనవేలంత లావు ప్లాస్టిక్ పైపుల్లో నేల కింద తిప్పుతాం. ఒక్కో చుట్టును లూప్ అంటాం. లూప్‌లన్నీ మొదలయ్యేదీ ముగిసేదీ మానిఫోల్డ్ అనే ఇత్తడి దిమ్మ దగ్గర. సిమెంటు నేల అయితే పైపు పరిచి కాంక్రీటు పోసి చేతులు దులుపుకోవచ్చు. చెక్క నేలకు అలా కుదరదు. గాడులు కోసిన ప్లైవుడ్ పలకలు పరిచి, గాడుల్లో అల్యూమినియం రేకు, రేకులో పైపు, ఆ పైన ఓక్ చెక్కలు మేకులతో బిగిస్తారు. ఒక్క మేకు పక్కకు జరిగితే పైపులో దిగుతుంది. పైగా చెక్క తడి తగిలితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మనుషుల్లో కూడా ఇంత సున్నితమైనవాళ్ళను నేను తక్కువమందినే చూశాను. అందుకని నేల పైభాగం ఎనభై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా గాడుల మధ్య ఒక సెన్సర్ పెడతాం. నేల చల్లబడిందని అది చెబితే కంట్రోలర్ వేడినీళ్ళు పంపుతుంది, వేడెక్కిందని చెబితే ఆపుతుంది.

ఇంటి యజమానురాలు మాధవి. పార్సిప్పనీలో ఐటీ ఉద్యోగం, పొద్దున ఏడింటికి కారెక్కితే చీకటిపడ్డాకే రాక. ఆమెతో పాటు తల్లి సుభద్రమ్మగారు ఉండేవారు. తెనాలి వైపు మనిషి, డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆ నొప్పుల కోసమే మాధవి ఈ పనికి పూనుకుంది. తెల్ల ఓక్ చెక్క తానే నెలరోజులు తిరిగి ఎంచుకుంది. మేము పైపులు వేస్తున్న రోజుల్లో ఆ చెక్క పెట్టెల దగ్గర కాఫీ కప్పుతో ఎవరైనా నిలబడితే ఊరుకునేది కాదు.

డిసెంబరు మూడో వారానికి పని ముగిసింది. పైపుల్లో గాలి నింపి ఒక రోజంతా ఒత్తిడి పరీక్ష చేశాం, గేజ్ ముల్లు కదలలేదు. చెక్కలో తేమ ఏడు శాతం, ఉండాల్సినంత. సంతకం పెట్టాను. తిరిగి వస్తుంటే కారులో నాకు నేనే ఒకసారి హోదాతో సహా పేరు చెప్పుకున్నాను. వినడానికి బాగానే ఉంది.

జనవరి ఆఖరున మాధవి ఫోన్ చేసింది. వంటింటి పక్కగదిలో నేల పాడైందని, ఒక పక్క చెక్కలు అంచులు లేచి దోనెల్లా అయ్యాయని, ఇంకో పక్క చెక్కకూ చెక్కకూ మధ్య క్రెడిట్ కార్డు దూరేంత సందు వచ్చిందని చెప్పింది. అంచులు లేవడం తడికి గుర్తు, సందులు రావడం అతివేడికి గుర్తు. రెండూ ఒకే గదిలో, ఒకే వారంలో రావడం నేనెక్కడా చదవలేదు.

మర్నాడే వెళ్ళాను. తేమ కొలిచే మీటరు గోడవైపు పదిహేను చూపింది, కిటికీవైపు అయిదు. ఒత్తిడి పరీక్ష మళ్ళీ చేశాను, ముల్లు మళ్ళీ కదలలేదు. గదిలో నీళ్ళేమైనా ఒలికాయా అని సుభద్రమ్మగారిని అడిగాను. ఒక్క చుక్క కూడా లేదన్నారు. కుండీలకు నీళ్ళు పోస్తున్నారా అంటే, ఆ గదిలో కుండీలే లేవన్నారు. తడిగుడ్డతో నేల తుడుస్తున్నారా అంటే, అలా చేయొద్దని మీరేగా కాగితం ఇచ్చారని నన్నే మందలించారు. ఆ తరవాత భోజనం పెట్టకుండా పంపలేదు. ముద్దపప్పు, నెయ్యి, బూడిదగుమ్మడి వడియాలు. రాత్రంతా ఆందోళనతో నిద్రలేని మనిషిని, వడియాలు రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

రెండోసారి మా యజమాని ఫ్రాంక్ కూడా వచ్చాడు. అరవై నాలుగేళ్ళ భారీ మనిషి, నలభై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాడు. గుమ్మంలో సుభద్రమ్మగారు బూట్లు విప్పించారు. ఎడమ మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. ఆ వేలిని లోపలికి ముడుచుకునే ఆయన గదంతా తనిఖీ చేశాడు. చివరికి తేల్చిందేమిటంటే, గోడవైపు ఎక్కడో మేకు పైపులో దిగింది. దిగిన మేకే చిల్లును మూసి ఉంచుతుంది కాబట్టి పరీక్షలో తెలియదు, నీళ్ళు వేడెక్కినప్పుడు మాత్రం కొంచెం కొంచెం ఊరుతుంది. ఇలాంటివి తాను రెండు చూశానన్నాడు. మరి కిటికీవైపు అతివేడి ఎందుకని నేనడిగితే, ముందు నేల కోసి చూద్దామన్నాడు. గురువారానికి కోతమనిషిని మాట్లాడాడు.

ఓక్ నేలను ఒకసారి కోస్తే చెక్క అమ్మినవాళ్ళ వారంటీ పోతుంది, మళ్ళీ అతికినా మచ్చ కనిపిస్తుంది. మాధవి ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. నా సంగతి ఫ్రాంక్ కారు దగ్గర నిలబడి మెల్లగానే చెప్పాడు. పైపులో మేకు దొరికితే ఆ కాగితం అబద్ధమైనట్టే, నేను మళ్ళీ సర్వీసు కాల్స్‌కి వెళ్ళాలి. సర్వీసు కాల్ అంటే మంచులో వ్యాను నడుపుకుంటూ వెళ్ళి ఆగిపోయిన బాయిలర్లను వెలిగించి రావడం. యాభై ఏడేళ్ళ వయసులో దాన్ని తలచుకుంటేనే నడుము పట్టేసింది. ఇంత చెప్పిన మనిషి, సుభద్రమ్మగారు లోపలికి పిలిస్తే వెళ్ళి, ఆ తెల్లటి చిప్స్ బాగున్నాయంటూ వడియాల పళ్ళెం ఖాళీ చేశాడు. నాకు రెండే మిగిల్చాడు. ఆ పూట రెంటికీ కలిపి కోపం వచ్చింది.

గురువారం పొద్దున పదింటికి చేరాం. మాధవి ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లోనే ఉంది. కోతమనిషి రంపం బిగించాడు. కోసే ముందు నేలను థర్మల్ కెమెరాతో ఫొటో తీయాలన్నది మా నియమం. వేడి ఉన్నచోట ఎర్రగా, చల్లగా ఉన్నచోట నీలంగా చూపే కెమెరా అది. గోడవైపు తిప్పాను. తెరమీద ఎర్రటి నేలలో నీలిరంగు పలక, ఆ పలక మీద ముదురు నీలి చుక్కలు. ఒక్కొక్కటి అప్పచ్చంత. అడ్డంగా ఆరు వరుసలు, వరుసకు ఎనిమిది.

ఫ్రాంక్ నా భుజం మీదుగా చూసి తెల్లబోయాడు. ఒక్క మేకు కాదు, నలభై ఎనిమిది మేకులు దిగాయన్నాడు. ఇన్నేళ్ళలో ఇంత ఘోరం చూడలేదని, మేకులు కొట్టినవాడు కావాలనే గీత గీసుకుని మరీ కొట్టాడని అన్నాడు. నేను మాత్రం ఆరో వరుసనే చూస్తున్నాను. మిగతా అయిదూ తిన్నగా ఉన్నాయి, ఆరోది మాత్రం చివరికి వచ్చేసరికి ఇటువైపు వంగింది. కింద కూర్చున్న మనిషికి చెయ్యి అందనప్పుడు అలా వంగుతుంది. చిన్నప్పుడు డాబా మీద మా అమ్మ పెట్టిన ప్రతి బట్ట మీదా ఆఖరి వరుస అలాగే వంగేది.

రంపం ఆపమన్నాను. కారణం చెప్పమన్నాడు ఫ్రాంక్. చెప్పడానికి ఇంగ్లీషులో నాకు నోరు రాలేదు. వంటింటి గుమ్మం వైపు తిరిగాను.

“పిన్నిగారూ, వడియాలు ఎక్కడ ఎండబెడుతున్నారు?”

“ఎక్కడేంటమ్మా, నువ్వు పెట్టించిన వేడి మీదే కదా. మా డాబా మీద కూడా ఇంత బాగా ఎండేవి కావు.”

తన పడకగదిలోకి తీసుకెళ్ళి చూపించారు. మంచం మీద పాత నేత చీర, దాని మీద ఆరు వరుసల వడియాలు, సగం ఎండినవి. ప్లాస్టిక్ షీటు మీద అడుగు ఎండదట. అందుకని చీరను తడిపి గట్టిగా పిండేసి, వంటింటి పక్కగది నేలమీద పరిచి పెట్టేవారు. డిసెంబరు నుంచి వారానికి ఒక గుమ్మడికాయ చొప్పున. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే గది నీటుగా ఉండాలి కాబట్టి, మేము వచ్చే టైముకు తల్లో పిన్నులు సర్దుకున్నంత జాగ్రత్తగా చీరను నాలుగు మూలలా ఎత్తి మంచం మీదికి మార్చేవారు. మేమేమో ఎప్పుడూ టైము చెప్పే వచ్చేవాళ్ళం. ఆ రోజు మేము పావుగంట ముందు రావడంతో చీర అప్పుడే ఎత్తారు, వడియాల చల్లదనం నేల ఇంకా మర్చిపోలేదు.

“అమ్మా, ఐసెలిన్‌లో కొన్నావనుకున్నాను. నాకు ఒక్క మాట చెప్పొద్దా?” అంది మాధవి.

“నువ్వు అడిగితే కదా. ప్లేట్ ఖాళీ చేసి లాప్‌టాప్ ఓపెన్ చేస్తావు.”

నేనూ ఐసెలిన్‌లోని ఇండియన్ దుకాణం సరుకే అనుకున్నాను. జనవరిలో, బయట మోకాలి లోతు మంచులో, ఒక తెనాలి ఆవిడ ఇంట్లో అంత తాజా వడియాలు ఎలా వచ్చాయని ఒక్కసారీ ఆలోచించలేదు. సాక్ష్యం సగం నేను తిన్నాను, సగం ఫ్రాంక్ తిన్నాడు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మిగతా చిక్కు కూడా దానంతటదే విడిపోయింది. తడిచీర సరిగ్గా సెన్సర్ మీద పడింది. తడి ఆరుతున్నంతసేపూ అక్కడ నేల చల్లబడుతుంది. గది మొత్తం చల్లగా ఉందనుకుని కంట్రోలర్ ఆగకుండా వేడినీళ్ళు పంపింది. చీర కింద చెక్క తడికి ఉబ్బింది, చీర లేనివైపు చెక్క వేడికి ముడుచుకుంది. ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, ఇల్లంతా వట్టికాళ్ళతో నడిచి చూశానని, అక్కడే బాగా కాలుతోందని చెప్పారు. మానిఫోల్డ్ ఆ గోడ వెనకే ఉంది. నా డ్రాయింగ్ చూడకుండానే ఆవిడ దాన్ని అరికాళ్ళతో పట్టేశారు.

ఫ్రాంక్‌కి విషయం అర్థం చేయించడానికి అరగంట పట్టింది. అర్థమయ్యాక కూడా వెంటనే నమ్మలేదు. రెండు వారాలు నేలమీద ఏమీ పెట్టకూడదు, తేమ దిగితే సరే, దిగకపోతే కోత అన్నాడు. సుభద్రమ్మగారు ఒప్పుకున్నారు, కానీ మంచం మీదున్నవి మాత్రం ఎండనివ్వాలన్నారు, కాయ కొనితెచ్చి కోరి పెట్టిన కష్టం వృథా చేయకూడదన్నారు. ఫ్రాంక్ ససేమిరా అన్నాడు. ఆవిడా తగ్గలేదు. ఒకరి భాష ఒకరికి రాదు, నేను మధ్యలో అటూ ఇటూ తర్జుమా చేశాను. ప్రాజెక్ట్ లీడ్ విధుల్లో ఇది ఎక్కడా రాసి లేదు. చివరికి ఆ బ్యాచ్ బాయిలర్ గది సిమెంటు నేల మీద ఎండటానికీ, అందులో సగం ఫ్రాంక్‌కి వెళ్ళడానికీ రాజీ కుదిరింది.

రోజు విడిచి రోజు వెళ్ళి తేమ కొలిచాను. పదిహేను, పదమూడున్నర, పన్నెండు. రెండో గురువారానికి తొమ్మిదికి దిగింది. రంపం మళ్ళీ రాలేదు. ఏప్రిల్ నాటికి అంచులు సర్దుకున్నాయి, సందులు చాలావరకు మూసుకున్నాయి. నా సంతకం అలాగే ఉండిపోయింది. చెక్క అమ్మినవాళ్ళకు పంపే రిపోర్టులో తడికి కారణం రాయాల్సిన గడి ఒకటి ఉంటుంది. ఫ్రాంక్ చాలాసేపు ఆలోచించి అందులో “లంచ్” అని రాశాడు.

అదే వేసవిలో మాధవి ఇంకో చిన్న పని ఇచ్చింది. బట్టలు ఉతికే గదిలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, రాతి పలకల నేల, దానికి విడిగా ఒక లూప్, విడిగా ఒక థర్మోస్టాట్. వేడి తొంభై అయిదు డిగ్రీలు. రాయికి తడి అంటదు, ఉబ్బదు. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ డ్రాయింగ్ చూసి, మనుషులు నిలబడలేనంత వేడి ఎందుకని అడిగాడు. మనుషుల కోసం కాదని చెప్పాను. డ్రాయింగ్ ఇంకోసారి చూసి ముద్ర వేశాడు.

అప్పటిదాకా నేను ఇల్లు అప్పగించేటప్పుడు నేలమీద ఏం పడకూడదో చెప్పి వచ్చేదాన్ని. ఆ తరవాత, పైపు వేయకముందే, ఈ నేలతో మీరేం చేయదలచుకున్నారని అడగడం మొదలుపెట్టాను. అందరూ మొదట ఏమీ లేదనే అంటారు. రిటైరయ్యేదాకా గడిచిన ఆరేళ్ళలో ఆ ప్రశ్నకు మిరపకాయలు, పుట్టగొడుగులు, ఒక ఇంట్లో తాబేలు జవాబుగా వచ్చాయి. ఒత్తిడి పరీక్ష పైపు సంగతి చెబుతుంది, మీటరు చెక్క సంగతి చెబుతుంది. ఇంట్లో మనిషి సంగతి తెలుసుకోవడానికి అడగడం తప్ప పరికరం లేదు, అదీ ఇంట్లో పగలంతా ఉండే మనిషిని అడగాలి. ఆ ఓక్ నేల కాంట్రాక్టు మీద మాధవితో పద్నాలుగుసార్లు కూర్చున్నాను. సుభద్రమ్మగారిని ఒక్కసారీ కూర్చోబెట్టలేదు.