క్లారినెట్ ఇస్సాకు, చిరాగ్‌పల్లి గుట్ట

జహీరాబాద్ చుట్టుపక్కల ఇరవై ఏండ్లలో పెండ్లి జరిగిన ఇళ్లలో ఇస్సాకును ఎరుగనివాళ్లు తక్కువ. నాగరాజ్ బ్యాండులో క్లారినెట్ ఆయనదే. బారాత్ ముందు కళ్లు సగం మూసుకుని ఊదుతూ నడిచేవాడు.

సాధనకు మాత్రం ఇల్లు పనికిరాలేదు. కిరాయి ఇంటి గోడలు పలచన, పక్కింట్లో పసిపిల్లలు. అందుకే పనిలేని రోజు పొద్దున్నే సైకిల్ మీద చిరాగ్‌పల్లి దాటి, రోడ్డు మీది లారీల మోత వినపడనంత లోపలికి, గుట్ట అడివిలోకి పోయేవాడు. మోదుగులు, తునికి చెట్లు, మోకాలెత్తు గడ్డి. ఒక బండ మీద కూర్చుని తనివితీరా వాయించుకుని వచ్చేవాడు. అడివి గురించి ఏనాడూ ఆలోచించలేదు. తనను ఎవరూ వద్దనని చోటు అది, అంతే.

మూడేండ్ల కింద ఏప్రిల్‌లో ఒకనాడు పోయేసరికి గుట్టంతా నల్లగా ఉంది. ముందురోజు ఎవరో గడ్డికి అగ్గి పెట్టారు. కాళ్ల కింద బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. నెత్తి మీద తీతువు పిట్ట ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఆపకుండా అరుస్తోంది. ఆ కూత అపశకునమని చిన్నప్పట్నుంచీ విన్నవాడు కనుక వెనక్కి తిరగబోయాడు. అప్పుడు రాళ్ల మధ్య నాలుగు గుడ్లు కనపడ్డాయి, మాడి పగిలిపోయి. పిట్ట ఎందుకు అరుస్తున్నదో అర్థమైంది. ఆ రోజు క్లారినెట్ పెట్టె తెరవకుండానే ఇంటికొచ్చాడు.

మర్నాడు ఫారెస్టు ఆఫీసుకు పోతే బీట్ ఆఫీసరు క్రాంతి కుమార్ ఉన్నమాట చెప్పాడు. ఇంత అడివికి తాను ఒక్కడే, మంట కనపడి తాను చేరేలోపు అంతా అయిపోతుంది, ఊళ్లవాళ్లు అగ్గి పెట్టకపోతేనే ఏమైనా మిగులుతుంది.

ఇస్సాకు ఊళ్లు పట్టుకుని తిరిగాడు. తమ పెండ్లిలో వాయించిన మనిషిని ఎవరూ గుమ్మంలోంచే తిప్పి పంపలేదు. చాయ్ ఇచ్చి, చెప్పింది విని, చివరికి అందరూ ఒకే పేరు చెప్పారు: నర్సింలు. ఎనభై గొర్రెల కాపరి. ఏటా గుట్టకు అగ్గి పెట్టేది ఆయనే, ఆ సంగతి దాచుకోడు కూడా.

"గడ్డి కాలిస్తెనే కొత్త చిగురొస్తది. నా గొర్లేం తినాలె?" అన్నాడు నర్సింలు. "నువ్వు ఊదుకొని బతుకుతవ్. నాకు గుట్టనే బువ్వ."

ఇస్సాకు సైకిలెక్కి ఇంటికొచ్చాడు. నాలుగు రోజులు ఆ మాటే మనసులో తిరిగింది. ఐదోనాడు పోయి గొర్రెల వెంట నడిచాడు. వారం రోజులు నడిచాడు. అవి ఏ గడ్డి తింటాయో, ఏది వదిలేస్తాయో, మేతకోసం నర్సింలు ఎండలో ఎంత దూరం తిరుగుతాడో చూశాడు. అప్పుడు అడిగాడు.

"అన్నా, వాగు దిక్కు ముక్క ఒక్కటి వచ్చే ఎండకాలం కాల్చకు. దసరా దాటినంక గడ్డి కోసి పెడ్దం, నేనూ కోస్త. నీ గొర్లకు సాలకుంటే ఆ మీదట నేనడ్డం రాను."

నర్సింలు కర్ర మీద గడ్డం ఆనించి వాగు దిక్కు చూశాడు. "జర సూద్దాం" అన్నాడు.

దసరా తర్వాత ఇద్దరూ కొడవళ్లు పట్టారు. వేళ్లకు బొబ్బలెక్కి ఇస్సాకు రెండు పెండ్లిళ్లలో స్వరం తప్పాడు, నాగరాజ్ ముఖం చిట్లించాడు. కోసిన గడ్డి రెండు వాములైంది. ఎండాకాలమంతా గొర్రెలకు సరిపోయి, కాస్త మిగిలింది కూడా. వాగు దిక్కు కోసేసిన నేల కాలలేదు. గుట్టకు రోడ్డు వైపు కొస మాత్రం ఎవరో పడేసిన బీడీకి ఆ ఏడూ తగలబడింది.

గడ్డి కాల్చొద్దని, కోసి దాచుకొమ్మని మిగతా కాపరులకు నర్సింలే చెప్పాడు. ఇస్సాకు మాట కన్నా ఆయన మాట తొందరగా తలకెక్కింది. రాయికోడ్ వైపు గ్రామసభలకు ఇస్సాకును పిలవసాగారు. వేలమంది ముందు ఊదినవాడు మైకు ముందు మాటలు వెతుక్కునేవాడు. ఒక సభలో ఇందిరమ్మ అనే పెద్దామె లేచి, గిట్ల తిరుగుతె నీకేమొస్తదని అడిగింది. ఇస్సాకు ఆమె వైపు తిరిగాడు.

"ఇరవై ఏండ్లు ఆ గుట్టను ఊరికెనే వాడుకున్ననమ్మా. ఒక్కసారన్న దాని మొకం సూడలే."

మొన్న ఏప్రిల్ ముహూర్తాలకు నాగరాజ్ ఫోన్ చేస్తే, మంటలు లేచే నెల కనుక రాలేనన్నాడు. నాగరాజ్ సణుగుతూ బీదర్ నుంచి ఇంకొకరిని పిలిపించుకున్నాడు. ఇస్సాకు, నర్సింలు పొద్దునా సాయంత్రం గుట్ట చుట్టూ తిరిగారు. ఈ ఏడు ఒక్క మూలే అంటుకుంది. ఊళ్లోంచి ఉరికొచ్చిన నలుగురితో కలిసి, పచ్చి కొమ్మలతో కొట్టి, పొద్దుగూకేలోపు ఆర్పేశారు.