కొండ మీద నోరెత్తకూడదు

అద్దంలో నా కూతురు రెండు చేతులతో నోరు మూసుకుని కనిపించింది. ఆరేళ్ల పిల్ల, నిద్రలో కూడా మాట్లాడే పిల్ల. ఆ చేతుల పైన కళ్లు పెద్దవై, ఎడమ కిటికీలోంచి పైకి చూస్తున్నాయి. ఏదో ముంచుకొస్తోందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

మధ్యాహ్నం నాలుగు కూడా కాలేదు. మలేషియాలో, సింపాంగ్ పులాయ్ నుంచి కామెరాన్ హైలాండ్స్ కొండలకు ఎక్కే దారిలో, పొగమంచు కమ్మేస్తే రోడ్డు పక్కన కారు ఆపుకుని ఉన్నాం. నడిపేది నేనే. పక్క సీట్లో అత్తగారు, వెనక పాప, నిద్రపోతున్న మూడేళ్ల బాబు. కొండ మీద కూరగాయల గోదాంలో పనిచేసే మా ఆయన దగ్గర బడి సెలవులు గడుపుదామని బయలుదేరాం.

మాకు చలికాలం లేదు. ఏడాది చివరి వానలే మాకు చలికాలం, కొండదారిని భయంకరం చేయడానికి అవి చాలు. అందుకే వారం ముందు నుంచి సిద్ధమయ్యాను. మా ఊరు సుంగై సిపుట్‌లో మా వీధి చివరి మెకానిక్ టైరు గాడుల్లో వేలిగోరు పెట్టి లోతు చూసి, ముందువి రెండూ మార్చాడు. వైపర్లకు కొత్త రబ్బర్లు వేశాడు. "దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకక్కా, చిన్న గేరులో దిగు" అని తమిళంలో చెప్పాడు. మంచు పడితే అని అడిగితే, "పక్కన చోటు చూసి ఆపెయ్. నాలుగు మూలలా లైట్లు వెలిగించు. మొండికెయ్యకు" అన్నాడు. అన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. టార్చ్, దుప్పట్లు, నీళ్లు, వాంతి సంచులు సర్దాను.

అత్తగారి తయారీ వేరు. బయలుదేరే రోజు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి కర్పూరం తిప్పారు. తర్వాత పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. ఎస్టేట్‌లో రబ్బరు పాలు తీసే రోజుల్లో, తెల్లవారకుండానే అడవి అంచున చెట్ల వరసల్లోకి వెళ్తూ వాళ్లమ్మ నేర్పిన నియమం చెప్పారు.

"అడివిలో గానీ కొండ మీద గానీ ఏటి కనబడినా నోరెత్తకూడదు. ఇదేటి అని అన్నావా, అది నీ ఎనకాలే ఇంటికొచ్చెత్తాది."

"పిల్లి కనబడినా, మామ్మా?"

"పిల్లి కనబడినా."

"కోతి?"

"కోతికీ నీకూ తేడా ఏటే? నోర్ముయ్ లా!" మాట చివర మలాయ్ వాళ్లలాగా 'లా' తగిలించడం ఆవిడకు అలవాటు.

నవ్వుకున్నాం. ఇలాంటివి నేను నమ్మను. కానీ వంపుల్లో పాప కబుర్లు లేకపోతే నాకు హాయి. అందుకే, "మామ్మ సెప్పింది విను. నాన దగ్గరకెళ్లేదాకా మాటాడకూడదు" అని అరచేతిలో ఒట్టు వేయించుకున్నాను.

దారిలో మంచు కమ్మగానే మెకానిక్ చెప్పినట్టే ఆపాను. ఎడమ పక్కన కొండను కోసిన గోడ. మట్టి జారకుండా దాని మీద నీలం ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. పక్కన గోడ ఉంటే ఆసరాగా ఉంటుందనుకున్నాను. వాన ఆగింది. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. లైట్ల టిక్కు టిక్కు ఒక్కటే వినిపిస్తోంది.

"ఏటి కనబడినాది తల్లీ?"

పాప తల అడ్డంగా ఊపింది. మళ్లీ అడిగాను. మళ్లీ ఊపింది. అది భయమో విధేయతో నాకు అర్థం కాలేదు.

"గుంటని అడక్కు లా. ఒగ్గెయ్," అన్నారు అత్తగారు, గొంతు బాగా తగ్గించి. ఆవిడ కూడా నావైపు తిరగలేదు. కిటికీ వైపే చూస్తూ కొంగు పిడికిట్లో బిగించి పట్టుకున్నారు.

వాళ్లిద్దరి చూపూ చూశాక అక్కడ ఉండబుద్ధి కాక నేను బండి తీశాను. రోడ్డు అంచు తెల్లగీత తప్ప ఏమీ కనబడటం లేదు. నేను హారన్ కొట్టినా తప్పుపట్టే అత్తగారు, ఇంత మంచులో ఎక్కడికి అని ఒక్క మాట అనలేదు. అది మరీ భయపెట్టింది.

రెండు వంపులు దాటాక వెనక చప్పుడు. కంకర లారీ ఎత్తి గుమ్మరించినట్టు, కానీ ఎంతకీ ఆగని చప్పుడు. ఆగాక మళ్లీ ఆ నిశ్శబ్దమే. అద్దంలో తెలుపు తప్ప ఏమీ లేదు.

కొండచరియ విరిగి మేం ఆగిన చోటు మట్టి కింద ఉందని, దారి మూసేశారని ఆ సాయంత్రం మా ఆయనకు లారీ డ్రైవర్లు చెప్పారు. ఆయన ఉండే ఇంటి వంటింట్లో అత్తగారిని అడిగాను.

"నువ్వూ సూసినావా అత్తా?"

"సూసినాను. మూడు సెట్లు. పడిపోలేదే, నిలబడే దిగినాయి. ఆకు కదల్లేదు. మన కాడికి మనుసులు నడిసొచ్చినట్టే వచ్చినాయి."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే?" ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "సెప్తే మనతో వచ్చెయ్యవా? నేనూ గుంటా నోరెత్తలేదు గనకే బతికినాం."

ఆవిడ నిజంగానే అలా నమ్ముతున్నారు. కానీ పాప చూసి కూడా చెప్పకుండా చేసింది నేను వేయించిన ఒట్టే. ఇప్పుడు, ఇన్ని నెలల తర్వాత ఇది రాస్తూ కూడా మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లాను, నిద్రలో పాప నోటి మీద చేయి పెట్టుకుందేమో చూడటానికి.

ఆ మర్నాడు పొద్దున్న, రొట్టె పాలలో ముంచుకు తింటున్న పిల్లలిద్దరి ఎదురుగా, అత్తగారు వింటుండగానే కూర్చున్నాను.

"నిన్న నేను ఏయించిన ఒట్టు తప్పు. తీసేసినాను. కొండ మీదైనా అడివిలోనైనా, ఏది కదిలినా గట్టిగా అరిసి సెప్పాలి. సెట్టైనా, రాయైనా, ఏటో తెలీనిదైనా."

బాబు బుర్ర ఊపి తింటూనే ఉన్నాడు. పాప మామ్మ వీపు వైపు చూసింది. గిన్నె కడుగుతున్న అత్తగారు వెనక్కి తిరగలేదు.

"సెప్తే అది మనింటికి వచ్చెత్తాది కదమ్మా?"

"వస్తే రానీ. వచ్చినాక దాంతో నేను మాటాడతాను. ముందు నాకు సెప్పు," అన్నాను.