మొగులు గీయనివ్వని రహీం సార్

బోర్డు మీద రాసే మార్కర్ మూత తీస్తే వచ్చే ఘాటు వాసన మా గద్వాల ఆఫీసులో ఎవరికీ పడదు. ముక్కు మూసుకుని కిటికీలు తెరవమంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే పని చేయబుద్ధవుతుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి బోర్డు మీద ఏదో గీస్తుంటే ఆ వాసన గదంతా నిండింది. వనపర్తి, ఆ ఇరుకు గది, బోర్డు ముందు నిలబడిన రహీం సార్ గుర్తొచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన్ను చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

మాది అమరచింత. చదువయ్యాక వనపర్తిలో ఒక చెప్పుల దుకాణం పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. యజమాని, పెద్ద ఇంజనీరు, చాయ్ పెట్టే మనిషి అన్నీ రహీం సారే. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసి, ఆ ట్రాఫిక్కు పరేషానై సొంతూరికి వచ్చేశారు. ఊళ్ళలోని దవాఖానలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన ఉండే అద్దె కంప్యూటర్లలో, నడపడం మా వ్యాపారం. అందులో ఏ భాగం దేనితో మాట్లాడుతుందో చూపించే పటాలు గీయడం నా పని. ఇంజనీరింగ్ చదివింది డబ్బాలూ గీతలూ గీయడానికా అని మొదట్లో లోలోపల గునిసేదాన్ని.

నా మొదటి పటం బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. మౌస్‌తో లాగి అతికించే పరికరంలో రంగురంగుల గుర్తులన్నీ వాడి, నడిమధ్యన పెద్ద మబ్బు బొమ్మ పెట్టాను. సార్ దాన్ని చూసి పెండ్లి కార్డు లెక్కున్నదని నవ్వారు. తర్వాత ఆ మబ్బు మీద వేలు పెట్టారు.

"ఈ మొగులెందుకేసినవ్ బేటా?"

క్లౌడ్ కదా సార్ అన్నాను.

"లోపల ఏమున్నదో తెల్వనప్పుడు ఏసే గుర్తు అది. నీకు తెల్వకపోతే తెల్వదని రాయి, తప్పు లేదు. తెలిసి గిట్ల కప్పిపెడితేనే నాకు కోపమొస్తది."

పూర్వం నెట్‌వర్కులు గీసేవాళ్ళు తమ చేతిలో లేని భాగాన్ని అట్లా మబ్బుగా చుట్టేసేవారట. ఆ పేరే ఇప్పుడు వ్యాపారమై కూర్చుందని సార్ వివరించారు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో మొగులు గీయడం బందయింది.

ఆయన పద్ధతులు ఆయనవి. ముందు బోర్డు మీద మార్కర్‌తో గీయాలి, ఇక చెరిపేదేమీ లేదనిపించాకే కంప్యూటర్ ముట్టాలి. రెండు కొసలా మొనలున్న బాణం కనిపిస్తే రెండు నాల్కల బాణమని వెక్కిరించేవారు. అడిగేదెవరో, చెప్పేదెవరో తేల్చి ఒక్కో బాణం మీద ఒక్కో క్రియ రాయమనేవారు. దవాఖాన పెద్దలకు చూపే పటం వేరు, మాకోసం గీసుకునేది వేరు. ఒక డబ్బా జరిపితే గీతలన్నీ చిక్కుపడుతున్నాయని నేను విసుక్కుంటే, 'ఇది దాన్ని అడుగుతుంది' అని వాక్యాలు రాస్తే తనే పటంగా మార్చే పరికరం నేర్పించారు. ఆ వాక్యాలను ప్రోగ్రాం పక్కనే దాచమన్నారు. ప్రోగ్రాం మారిన రోజే పటమూ మారాలని ఆయన పట్టుదల.

అన్నిటికన్నా కష్టమైన పద్ధతి చివరిది. పటం పూర్తయిందని నేను చెప్పగానే వచ్చి, బోర్డు మీద ఒక గీతను వేలితో తుడిచి, ఆ దారి తెగిందనుకొమ్మని, "ఇప్పుడేమైతది?" అనేవారు. జవాబు చెప్పేదాకా చాయ్ కూడా దొరికేది కాదు.

అట్లాంటి రోజుల్లో మన్ననూర్ పని వచ్చింది. మన్ననూర్, అమ్రాబాద్‌లాంటి నల్లమల ఊళ్ళలో ఒక సేవాసంస్థ నడిపే చిన్న దవాఖానల్లో పాముకాటు మందు అన్నిచోట్లా ఉండదు. ఎక్కడ ఉందో సిస్టర్‌కు వెంటనే తెలియాలి. తెలియకపోతే మనిషి దక్కడు. నేను పటం గీశాను. సార్ మన్ననూర్‌కూ క్లౌడ్‌కూ మధ్య గీత తుడిచారు. సిస్టర్ ఫోనులో ఏమీ కనిపించదని ఒప్పుకున్నాను. పులుల అడవిలో సిగ్నల్ పోవడం కొత్తేమీ కాదు, ఎక్కడపడితే అక్కడ టవర్ వేయనివ్వరు. అందుకని చివరగా అందిన లెక్క ఫోనులోనే మిగిలి ఉండేట్టు చేశాం. నేను ఊపిరి పీల్చుకునేలోపు, ఆ లెక్క పాతదైతేనో అన్నారు.

మర్నాడు సార్ బస్సెక్కి మన్ననూర్ పోయారు. వచ్చి, అటవీశాఖ చెక్‌పోస్టులో వైర్‌లెస్ సెట్టుందనీ, అవసరం పడితే అమ్రాబాద్‌లోని తమవాళ్ళ ద్వారా అక్కడి దవాఖానలో మందుందో లేదో కనుక్కునిపెడతామని అక్కడివాళ్ళు ఒప్పుకున్నారనీ చెప్పారు. పటంలో సిస్టర్ నుంచి చెక్‌పోస్టుకు ఒక చుక్కల గీత గీసి, దాని మీద 'నడిచిపోయి అడుగుతుంది' అని రాశారు. సంస్థవాళ్ళకు అది నచ్చలేదు. క్లౌడ్ పటంలో మనుషుల నడకేంటని, తీసేయమన్నారు. నాకూ కొంచెం నామోషీగానే అనిపించింది, మన సిస్టం కాదు కదా సార్ అని మెల్లగా అన్నాను.

"మనది గాదు. కానీ పానం దక్కేది గా తొవ్వ మీదనే గద" అన్నారు. గీత తీయలేదు. ఆ పటాన్నే పెద్దగా అచ్చువేయించి మన్ననూర్ దవాఖాన గోడకు అంటించి వచ్చారు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, ముసురులో సిగ్నల్ పోయి ఉండగా, పాము కరిచిన పిల్లను దవాఖానకు ఎత్తుకొచ్చారు. మందు అమ్రాబాద్‌లో ఉందని ఫోను చూపించింది. బండి అటు బయలుదేరబోతుంటే గోడ మీది పటం చూసిన సిస్టర్, ఫోనులోది పాత లెక్కేమోనని ఆపించి, తడుస్తూ చెక్‌పోస్టుకు పరుగెత్తింది. వైర్‌లెస్‌లో అడిగితే అమ్రాబాద్‌లో మందు ఆ పొద్దున్నే అయిపోయిందని, అచ్చంపేటలో ఉందని, అక్కడికి తీసుకుపొమ్మని జవాబు వచ్చింది. అమ్రాబాద్ ఒక దిక్కు, అచ్చంపేట ఇంకో దిక్కు. బండి తిప్పారు. పిల్ల బతికింది.

సిస్టర్ ఫోన్ చేసి ఈ సంగతంతా చెబుతుంటే నేను ఏడ్చేశాను. సార్ ఫోన్ తీసుకున్నారు. పిల్ల పేరేందని అడిగారు. లింగమ్మ అని చెప్పింది. ఫోన్ పెట్టేసి బోర్డు దగ్గరికి పోయి చుక్కల గీతను నిండు గీతగా దిద్దారు. అన్ని బాణాలకూ చివరన నేను 'రోగి' అని రాసిన డబ్బా ఉంది. ఆ మాట తుడిచి, లింగమ్మ అని రాశారు. తర్వాత చాయ్ పెట్టడానికి పోయారు.

ఇప్పుడు అడిగితే చాలు, క్షణంలో పటం గీసిచ్చే పరికరాలొచ్చాయి. నేనూ వాడతాను. గీతలు నాకన్నా తిన్నగా వస్తాయి. కానీ చివరి డబ్బా మాత్రం నేనే నింపుతాను. అక్కడ ఉన్నదెవరో పేరు తెలిసేదాకా, పని అయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాదు.