నర్సయ్య నోరు మెదపని గంట

2019 జూన్‌లో సూరత్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో చీఫ్ రేడియోకెమిస్ట్‌గా చేరాను. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ముంబైలో ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేశాను. స్కాన్ పరీక్షలకు కావలసిన రేడియోధార్మిక మందులు తయారుచేయడం నా వృత్తి. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఈ పని తెలిసినవాళ్లు దేశంలో బహు కొద్దిమంది. ఆడవాళ్లు మరీ తక్కువ. సీసపు ఇటుకల గోడ వెనక నిలబడి, ఎదురుగా అద్దంలో చూసుకుంటూ, పొడుగాటి పటకార్లతో సీసాలు కదిపేవాళ్లం. అద్దంలో కుడి ఎడమయ్యేది, ఎడమ కుడయ్యేది. ఆ అలవాటు పుణ్యమా అని కారు వెనక్కి తీయడంలో ఇప్పటికీ మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు.

సూరత్‌లో కొత్తగా సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం పెట్టారు. విభాగాన్ని నిలబెట్టి, అక్కడివాళ్లకు పని నేర్పి వెళ్లాలన్నది రెండేళ్ల ఒప్పందం. రైల్వేలో రిటైరైన మావారు, నేను ఆల్థాన్‌లో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం.

మా పని గురించి కొంచెం చెప్పాలి. సైక్లోట్రాన్‌లో ఒక ప్రత్యేకమైన నీటి మీదికి ప్రోటాన్లను వదిలితే రేడియోధార్మిక ఫ్లోరిన్ పుడుతుంది. దాన్ని చక్కెర లాంటి పదార్థానికి జోడిస్తే ఎఫ్‌డీజీ అనే మందు అవుతుంది. శరీరంలో ఏ కణాలు చక్కెరను ఎక్కువగా తింటాయో ఈ మందు అక్కడికి చేరుతుంది. క్యాన్సర్ కణాలు తిండిపోతులు కాబట్టి పెట్ స్కాన్‌లో అవి మెరుస్తూ కనబడతాయి. అయితే రెండు గంటలు తిరక్కుండానే మందు శక్తి సగమైపోతుంది. పొద్దున్నే చేసింది మధ్యాహ్నంలోగా వాడేయాలి. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి, విడుదల చేయవచ్చని నేను సంతకం పెట్టాకే అది సిరంజిలోకి వెళుతుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మేం వాడే ఆ నీరు విదేశం నుంచి రావాలి. విమానాలు ఆగిపోయాయి. మిగిలిన చిన్న చిన్న సీసాలను బీరువాలో పెట్టి తాళం వేశాను. రోజూ చేసే బ్యాచ్ వారానికి ఒకటయింది. ఎవరికి ముందు స్కాన్ తీయాలో విభాగాధిపతి డాక్టర్ హేమల్ నిర్ణయించేవారు. పేషెంట్లందరినీ ఒకే ఉదయం రమ్మనేవాళ్లం.

మే నెలలో అలాంటి ఒక ఉదయం స్కాన్లు పూర్తయ్యాక హేమల్ నన్ను తన గదికి పిలిచారు. నలభై దాటని మనిషి, నన్ను ‘సుజాతా బేన్’ అంటారు. గుజరాతీలో బేన్ అంటే అక్కయ్య. గౌరవంగానే పిలుస్తారు, అనుమానమూ గౌరవంగానే వ్యక్తం చేస్తారు.

“బేన్, ఇవాళ మందు బాగానే ఉందా?” అని అడిగారు.

తెర మీద ఒక పేషెంటు బొమ్మ ఉంది. పేరు నర్సయ్య. సూరత్‌లోనే ఉధ్నాలో మగ్గాల కార్మికుడు. మెడలో లింఫోమా అనే క్యాన్సర్. కీమో పూర్తయింది, జబ్బు పోయిందా లేదా అన్నది ఈ స్కాన్‌తో తేలాలి. కానీ గొంతంతా వెలిగిపోతోంది. తొడలు, పిక్కలు కూడా. ఇంత వెలుతురులో, మెడకు కుడివైపు పాత గడ్డ ఉన్నచోట ఒక చిన్న మెరుపు. అది జబ్బో, పక్కనున్న కండరమో చెప్పలేమన్నారు.

ముందు నా మందును నేనే అనుమానించుకున్నాను. ఫ్లోరిన్ చక్కెరను విడిచిపెడితే ఎముకలకు పోయి అంటుకుంటుంది. ఇక్కడ ఎముకలు వెలగలేదు. అదే బ్యాచ్ తీసుకున్న మిగతావాళ్ల బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. “మందు తప్పు లేదు. ఈయన ఏం చేశాడో అడగాలి” అన్నాను.

నర్సయ్య బయట బెంచీ మీద ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, ఈ ఊళ్లో భేస్తాన్‌లో గది. నేను తెలుగులో పలకరించగానే లేచి నిలబడ్డాడు.

“తెలుగోళ్లా అమ్మా! గిన్ని నెలల సంది తిరుగుతున్న, ఒక్కలు జెప్పలేదేంది!”

సూది వేశాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి కదా, కూర్చున్నారా అని అడిగాను.

“కూసున్న. ఆ జిగ్నేష్ భాయ్ బోల్నా మత్ అన్నడు. కరోనా ఉన్నది గద. పక్కోళ్లతోని ఒక్క మాట మాట్లాడలే. మాస్కు గూడ తియ్యలే.”

“ఎవరితోనూ మాట్లాడలేదా?”

“ఫోన్ల మాట్లాడిన. ఇంటిదానితోని. అటెన్క మా బామ్మర్దితోని. గాయన గట్టిగ ఇనడు, జర అరిషి చెప్పవడ్తది. ఫోన్ల కరోనా రాదు గదమ్మా?”

“ఇక్కడికి ఎలా వచ్చారు?”

“సైకిల్ మీద అచ్చిన. ఆటోలు యాడున్నయి?”

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. జిగ్నేష్ మా టెక్నాలజిస్టు. తన నియమం తాను చెప్పాడు. నర్సయ్య దాన్ని ఆ కాలానికి తగ్గట్టు అర్థం చేసుకుని నిష్ఠగా పాటించాడు. మాట్లాడితే గొంతు కండరాలు, సైకిల్ తొక్కితే కాళ్ల కండరాలు చక్కెరను లాగేసుకుంటాయి. నేను పొద్దున్నే లేచి చేసిన మందులో మంచి వాటా బామ్మర్ది చెవుడుకే ఖర్చయింది.

నవ్వు అక్కడితో ఆగింది. నర్సయ్య గదిలోవాళ్లు అనుమతులు తెచ్చుకుని జగిత్యాలకు బస్సు మాట్లాడుకున్నారు. రెండు రోజుల్లో బయలుదేరుతుంది. మా తరువాతి బ్యాచ్ వచ్చే వారం.

“బస్సు పోతే మల్ల దొరకదమ్మా” అన్నాడు. గొంతు తగ్గిపోయింది. “మగ్గాలు బందువడ్డయి. గదిల ఒక్కన్నే ఏం జెయ్యాలె?”

ఫలితం బాగుంటుందని నేను మాట ఇవ్వలేదు. మెడలో ఒక చుక్క ఉందని, అది జబ్బు వల్లో, ఫోన్లో మాట్లాడిన మాటల వల్లో ఇప్పుడు తెలియదని, ఊళ్లో తెలుసుకునే వీలుండదని చెప్పాను. “మీరైతే ఏం జేస్తరు?” అన్నాడు. ఉంటానన్నాను. బస్సు అతను లేకుండానే వెళ్లింది.

ఇక నీటి సంగతి. వచ్చే వారం బ్యాచ్‌లో ప్రతి డోసుకూ అప్పటికే ఒక పేషెంటు పేరు ఉంది, నర్సయ్యకు మిగలదు. ఒకసారి వాడిన నీటిని మేం విడిగా పట్టి ఉంచుతాం, దాన్నే మళ్లీ వాడి ఇంకో బ్యాచ్ చేద్దామా అని హేమల్ అడిగారు. అందులో ఏమేం చేరి ఉంటాయో తెలియని మందుకు సంతకం పెట్టనన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు ఇద్దరం కూర్చుని వేరే దారి వెతికాం. డోసు కొంచెం తగ్గిస్తే ఆ మేరకు మనిషిని యంత్రంలో ఎక్కువసేపు పడుకోబెట్టాలి. బొమ్మ నాణ్యత దెబ్బతినదు. అందరికీ అలా కొంచెం కొంచెం తగ్గిస్తే ఒక డోసు మిగిలింది. ఎవరి పేరూ కొట్టేయలేదు.

బ్యాచ్ చేసిన రోజు నర్సయ్యను ఆసుపత్రి అంబులెన్సులో రప్పించాం. ఎందుకు మాట్లాడకూడదో అతని మెడ మీద వేలు పెట్టి చూపించి చెప్పాను. “గొంతు గూడ తింటదా!” అని ఆశ్చర్యపోయి, ఫోను తానే తీసి నా చేతిలో పెట్టాడు. సూది వేశాక గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మేం పక్కగదిలో కెమెరా తెర మీద చూస్తున్నాం.

కాసేపటికి ఫోను మోగింది. ఎత్తకపోతే ఆగేలా లేదు. ఎత్తాను. అతని భార్య రాజవ్వ.

“ఎవలు? మా ఆయన ఏడి?” గొంతులో భయం.

బాగానే ఉన్నాడని, గంటసేపు మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పాను.

“మాట్లాడకుంట కూసున్నడా? మా ఆయనేనా? జర ముఖం జూడుండ్రి మేడం, వేరేటోడేమో!”

ఇద్దరం నవ్వాం. తరువాత ఆమె ఫోను పెట్టలేదు. అతనికి చెప్పాలనుకున్నవన్నీ నాకు చెప్పింది. బర్రె ఈనింది, బస్సులో వచ్చినవాళ్లను బడిలో ఉంచారు, వాళ్లలో ఈయన లేకపోయేసరికి జబ్బు ముదిరిన సంగతి మేం దాస్తున్నామేమో అనుకుంది. చివరికి, “ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి మేడం” అంది. తెలియగానే చెబుతానన్నాను. తెర మీద నర్సయ్య పెదవులు బిగించి, గోడ వంక చూస్తూ, బడిపిల్లవాడిలా కూర్చునే ఉన్నాడు.

కొత్త బొమ్మలో గొంతు చీకటిగా ఉంది. కాళ్లూ అంతే. కుడివైపు చుక్క మాత్రం అలాగే ఉంది. నేను మాటలే అయ్యుండాలని కోరుకున్నాను, కాలేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే జబ్బేనని తేలింది. అయితే శరీరంలో ఇంకెక్కడా లేదు. మళ్లీ గట్టి కీమో అవసరం లేదని, ఆ ఒక్కచోటికి రేడియేషన్ ఇస్తే సరిపోవచ్చని వైద్యులు నిర్ణయించారు. రాజవ్వకు ఉన్నది ఉన్నట్టు నేనే చెప్పాను. కాసేపు ఏడ్చి, ఎన్ని రోజులు పడుతుందని అడిగింది.

చికిత్స ముగించుకుని నర్సయ్య వానాకాలంలో ఊరికి వెళ్లాడు. మరుసటి ఏడాది నా ఒప్పందం ముగిసేలోపు స్కాన్‌కు వచ్చాడు. మెడ శుభ్రంగా ఉంది. అప్పటికే ఉధ్నాలో మళ్లీ మగ్గం ఎక్కాడు.

ఆ మే నెల తరువాత మా విభాగంలో పద్ధతి ఒకటి మార్చాం. ‘మాట్లాడవద్దు’ అన్న నియమం చెప్పి ఊరుకోకుండా, మాట్లాడితే స్కాన్‌లో ఏమవుతుందో పేషెంటు భాషలో చెప్పి, అతని చేత తిరిగి చెప్పించాకే సూది వేయాలి. మందు శుద్ధంగా ఉన్నంత మాత్రాన పరీక్ష శుద్ధంగా ఉండదు. కారణం చెప్పని నియమాన్ని ప్రతి మనిషీ తనకు తెలిసిన కారణంతోనే పాటిస్తాడు.